ఎడమవైపు తెల్లచుక్కలు

నేను ఒక నొక్కుడు మిషన్ని. నా ఒంటికి అతికించిన రేకు మీద వేరే పేరుంది గాని, దాన్ని సరిగ్గా పలికినవాళ్ళు నా జీవితంలో బహు తక్కువ. డాక్టర్లు మామోగ్రామ్ మిషన్ అంటారు. గోదావరి జిల్లాకి వచ్చాక ఆడవాళ్ళు నాకు నొక్కుడు మిషను అని పేరు పెట్టారు. నాకు అదే నచ్చింది. చేసే పనిని దాచకుండా చెప్పే పేరు.

రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి, గట్టిగా అదిమి, లోపలి ఫొటో తీస్తాను. క్యాన్సరు లాంటిది ఏదైనా మొదలవుతుంటే, అది చేతికి తగిలేంత పెద్దది కాకముందే కనిపెట్టాలని మనుషుల ఆశ. అదిమితే నొప్పి పుడుతుంది. అందుకని నన్ను తిట్టనివాళ్ళు లేరు. "దీన్ని కనిపెట్టినవాడు ఖాయంగా మగాడే అయ్యుంటాడు" అని ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకావిడ అంటుంది. ఆ మాట తనకే మొట్టమొదట తోచిందని అనుకుంటుంది కూడా. నేను కాదనను. నవ్వితే ఒళ్ళు వదులవుతుంది, వదులైతే నా పని సులువవుతుంది.

నేను పుట్టింది ఎక్కడో మంచు కురిసే దేశంలో, గోడల దగ్గర్నుంచి మనుషుల చెప్పుల దాకా అన్నీ తెల్లగా ఉండే ఒక ఫ్యాక్టరీలో. కళ్ళు తెరవగానే నా ముందు ఒక ప్లాస్టిక్ దిమ్మ పెట్టారు. దాని లోపల ఇసుక రేణువుల్లాంటి చుక్కలు దాచి, "కనిపిస్తున్నాయా?" అని పరీక్ష పెట్టారు. కనిపించాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి, చుక్క కనిపెడితే మనుషులు సంతోషిస్తారనే అభిప్రాయం నాలో పాతుకుపోయింది. అది తప్పని తెలుసుకోవడానికి ఒక సముద్రం దాటి రావలసి వచ్చింది.

ఓడ దిగి నేను మొదట వెళ్ళింది హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి. పాలరాతి నేల, చల్లటి గది, తలుపు తీస్తే చాలు మల్లెపూల వాసన చల్లే డబ్బా. అక్కడికి వచ్చే ఆడవాళ్ళు నన్ను ఇంగ్లీషులో తిట్టేవారు. నేను చుక్కలు కనిపెడితే అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయింది. ఓహో, ఇది పరీక్షలో మార్కులు తెచ్చుకునే వ్యవహారం కాదన్నమాట అని నాకు అప్పుడు తట్టింది.

కొన్నేళ్ళకి నాకంటే సన్నగా, అందంగా ఉండే కొత్త మిషను దిగింది. నన్ను గోనెగుడ్డ కప్పి గోడ పక్కకి జరిపారు. ఆ మూల కొన్నాళ్ళు దుమ్ము తింటూ గడిపాక, కోస్తాలో ఒక ధర్మాసుపత్రివాళ్ళు వచ్చి నన్ను తీసుకుపోయి, ఒక బస్సులో బోల్టులు బిగించి నిలబెట్టారు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి పరీక్షలు చేసే బస్సు అది. పాలరాయి పోయి గతుకుల రోడ్డు వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు బస్సే బాగుంది. గదిలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క కోడిపుంజు కూత కూడా వినలేదు.

బస్సులో నా యజమానురాలు సువార్త. పాలకొల్లు అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. ఫొటోలు తియ్యడం ఆమె పని. చలికాలంలో నా పలకని తన అరచేతులతో కాసేపు రుద్ది, ఆ తరవాతే పేషెంటుని పిలిచేది. తీసిన ఫొటోలు ఆసుపత్రిలో ఉన్న డాక్టరు గారి కంప్యూటరుకి వెళతాయి. చదివి తేల్చేది ఆవిడ. నాది అనుమానించడం వరకే. పైగా నాకు రంగులు తెలియవు, తెలిసిందల్లా నలుపూ తెలుపూ. కొవ్వు నల్లగా ఉంటుంది, క్యాన్సరు తెల్లగా ఉంటుంది. ఏ ప్రమాదమూ లేని సవాలక్ష సంగతులు కూడా తెల్లగానే ఉంటాయి. నా చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఎండాకాలం మా బస్సు నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు ఆవరణలో ఆగింది. ఆ ఊళ్ళో లేసు వీధి అని ఒకటి ఉంది. ఆ వీధి ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని, కొక్కెం ఉన్న సన్నటి సూదితో తెల్లదారం అల్లుతుంటారు. వాళ్ళు అల్లిన దుప్పట్లు, టేబులు గుడ్డలు దేశాలు దాటి పోతాయట. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా సూదీ దారం వెంట తెచ్చుకున్నారు. బస్సులో ముందు భాగాన బెంచీ, వెనక నేను, మధ్యలో ఒక గుడ్డ తెర. తెర మనుషుల్ని దాస్తుందే గాని మాటల్ని దాచదు. ఊళ్ళో కబుర్లన్నీ కూర్చున్న చోటికే వచ్చి చేరేవి నాకు. నా అంత సుఖం ఎవరికుంది చెప్పండి?

ఆ వీధిలో పేరు మోసిన మనిషి సత్యవేణి. యాభై దాటింది. ఆమె అల్లే పువ్వు ఒకటుంది. ఎనిమిది రేకులు, మధ్యలో ఉబ్బుగా లేచి నిలబడే దుద్దు. ఆ దుద్దు ఎలా తిప్పుతుందో వీధిలో ఒక్కరికీ తెలియదు. ఆ వరస వచ్చేసరికి సత్యవేణి జనానికి వీపు చూపించి, గోడవైపు తిరిగి కూర్చునేదట. ఆమె తోటికోడలు ధనకుమారి పక్కవాటాలోనే ఉంటుంది. ఒకనాడు ఆగలేక కిటికీలోంచి తొంగిచూసింది. అంతే, పెద్ద రభస అయింది. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కూరగిన్నెలు మాత్రం పిట్టగోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవట. కోపం కోపమే, గోంగూర గోంగూరే.

సత్యవేణి నా దగ్గరికి వచ్చింది సరదాకి కాదు. వాళ్ళమ్మ ఆ జబ్బుతోనే పోయింది. "పైట కింద దాచుకుందమ్మా. చెప్పుకోడానికి సిగ్గుపడి, పుండయ్యేదాకా దాచుకుంది" అని సువార్తతో చెప్పింది.

సువార్త అందరినీ అడిగినట్టే అడిగింది. "ఒంటికి పౌడరు గాని, సెంటు గాని ఏమన్నా రాసుకున్నారా పిన్నిగారూ?"

"ఈ వయసులో నాకు పౌడరొకటే తక్కువ! సోకులు చేసుకునే మొహమేనా అమ్మాయ్ ఇది?"

తెర అవతల బెంచీ మొత్తం గొల్లుమంది. సువార్త కూడా నవ్వి ఊరుకుంది. నేను నా పని నేను చేశాను. "ఓరి నీ దుంపతెగ! వదలవే!" అని సత్యవేణి నన్ను నోరారా దీవించింది. ఎడమవైపు ఫొటోలో, అడుగున, చంక వైపుగా, తెల్లటి చుక్కలు కనబడ్డాయి. ముగ్గుపిండి చేజారి ఒలికినట్టు సన్నగా, గుంపుగా ఉన్నాయి. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక్క క్షణం నా చెవుల్లో ఫ్యాక్టరీ చప్పట్లు మోగాయి. ఆ తరవాత సువార్త మొహం చూశాను. ఆమె పెదాలు బిగబట్టి, ఫొటోని పెద్దది చేసి చూసి, "అయిపోయిందండి, జాకెట్టు వేసేసుకోండి" అని మామూలుగా అనడానికి చాలా కష్టపడింది.

ఫొటో చదివిన డాక్టరు గారు మళ్ళీ రమ్మన్నారు. ముందు ఎడమవైపు ఇంకోసారి తీసి దగ్గరగా చూస్తాం, తరవాత పెద్దాసుపత్రిలో సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాల్సి రావచ్చు అని కబురు. ఆ మాట సువార్త ఫోనులో చెబుతూ, "కంగారేం లేదు పిన్నిగారూ" అంది. కంగారేం లేదు అన్న మాట కన్నా మనిషిని ఎక్కువ కంగారుపెట్టే మాట తెలుగులో ఇంకొకటి లేదని నా అనుభవం.

ఆ తరవాత లేసు వీధిలో ఏం జరిగిందో నేను కళ్ళారా చూడలేదు. రెండోసారి వచ్చినప్పుడు సత్యవేణి చెప్పుకుంటుంటే విన్నాను. ఫోను పెట్టేశాక ఆమెకి వాళ్ళమ్మ గుర్తొచ్చిందట. కుక్కర్ కూత పెడుతున్నా లేవలేకపోయిందట. భర్త వచ్చి స్టవ్ ఆపి, "ఏంటే, ఏమైందే?" అంటే, "నా పని అయిపోయిందండీ" అందట. ఆయన పాపం ఏం చెయ్యాలో తెలియక, ఆ మాడిన పప్పే వడ్డించుకుని తిన్నాడట. తెల్లారేసరికి ఆమెకి ఒకటే ఆలోచన. "నాతోపాటు నా పువ్వు కూడా కాలిపోతుంది కదా" అని.

పీట చంకలో పెట్టుకుని నేరుగా పక్కవాటాకి వెళ్ళింది. సత్యవేణి ఆ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. "రావే, కూచో. సరిగ్గా చూడు, మళ్ళీ చెప్పను" అంది. అన్నేళ్ళ తరవాత పలికిన మొదటి మాట అది. ధనకుమారికి విషయం చెప్పాక, ఇద్దరూ కాసేపు గడపకి చెరోవైపూ కూర్చుని ఏడ్చారు. తరవాత పాఠం మొదలైంది. మళ్ళీ చెప్పనన్న మనిషి అదే వరస రోజూ చెప్పింది. "నీ వేళ్ళా అవి, అప్పడాల కర్రలా?" అని తిడుతూ చెప్పింది. దుద్దు నిలబడ్డ రోజున, తన సూదీ, దారపుండలూ, పనిలో వాడుకునే సరంజామా యావత్తూ ధనకుమారి ఒళ్ళో పెట్టేసి, ఇంటికొచ్చి చేతులు ముడుచుకుని కూర్చుంది.

రెండోసారి ఇద్దరూ కలిసే వచ్చారు. ధనకుమారి బెంచీ మీద కూర్చుంది. సత్యవేణి తెర లోపలికి వచ్చి, ఇదంతా సువార్తకి చెప్పి, నా ముందు నిలబడింది. నేను అదిమాను. ఆమె నన్ను తిట్టలేదు. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఎటు తిప్పితే అటు తిరిగింది. ఆ తిట్టు లేకపోవడం నాకు ఎంత బరువనిపించిందో చెప్పలేను. ఈసారి ఏమీ కనబడకూడదని, జీవితంలో మొదటిసారి, చూడకముందే కోరుకున్నాను.

ఏమీ కనబడలేదు.

చుక్కలున్న చోట చుక్కల్లేవు. సువార్త ఇంకో పక్కనుంచి తీసింది. లేవు. ఆమె సంతోషించలేదు. డాక్టరు గారికి ఫోను చేసింది. అటునుంచి ఆవిడ గొంతు నాకూ వినబడుతూనే ఉంది. "అలాంటి చుక్కలు ఊరికే మాయమవవు సువార్తా. మొదటి ఫొటో ఈమెదేనా? ఆ రోజు వచ్చిన ఇంకెవరిదన్నా ఈమె పేరు మీదికి వచ్చిందేమో చూడు." ఆ మాటతో నాకు వెన్ను జలదరించింది. నాకు వెన్ను ఉంది, ఇనుపది. నిజంగా ఆ చుక్కలు ఇంకొకరివైతే, ఆ ఇంకొకావిడ తనకేం లేదనుకుని హాయిగా అల్లిక చేసుకుంటూ ఉండి ఉంటుంది. లేదా నాకే మతి చలించి, లేనివి చూపిస్తున్నానా?

సత్యవేణి జాకెట్టు పట్టుకుని నిలబడి, "ఏంటమ్మాయ్? ముదిరిపోయిందా?" అంది.

సువార్త తెర కొంచెం పక్కకి లాగి గాలి పీల్చుకుంది. ఎదురుగా బెంచీ మీద ధనకుమారి, కొత్తగా నేర్చిన పువ్వు అల్లుతోంది. బస్సు లోపల ఉడికిపోతోంది. ఆమె సూది ఆపింది. ఎడంపక్క జాకెట్టులోకి వేళ్ళు పోనిచ్చి, నిమ్మకాయంత గుడ్డమూట ఒకటి బయటికి తీసింది. దాన్ని వేళ్ళ కొసల మీద టపటపా అద్దుకుంది. కిటికీలోంచి పడే ఎండలో తెల్లటి పొడి లేచింది. మూట మళ్ళీ జాకెట్టులోకి దోపుకుని అల్లిక అందుకుంది.

"అదేంటండీ?" అంది సువార్త.

"ఇదాండీ? పౌడరు మూటండీ. చెమట చేత్తో పట్టుకుంటే తెల్లదారం మాసిపోద్ది కదండీ. మా వీధిలో అందరికీ ఉంటదండీ. ఇది అక్కదే, మొన్న నాకిచ్చేసింది."

సువార్త నెమ్మదిగా ఇటు తిరిగింది. "పిన్నిగారూ, పౌడరు రాసుకున్నారా అని ఆవేళ అడిగాను కదండీ నేను!"

"రాసుకోలేదమ్మా, ఒట్టు! అది దారం కోసం పెట్టుకునేది. ఒంటికి ఎందుకు రాస్తాను?"

అందులో అబద్ధం ఒక్క పిసరు లేదు. ఆమె దృష్టిలో అది అలంకారం కాదు, సూదిలాగే ఒక పనిముట్టు. ఎన్నో ఏళ్ళుగా పొద్దస్తమానం ఎడమవైపు దోపుకుని తిరుగుతుంటే, పలచటి గుడ్డలోంచి పొడి రాలి చెమటకి ఒంటిని అంటుకుపోయింది. నా కంటికి ఆ రేణువులూ జబ్బుచుక్కలూ ఒక్కలాగే తెల్లగా కనబడతాయి. ఆ మూట తోటికోడలికి ఇచ్చేశాక, రోజూ చేసిన స్నానాలతో ఒళ్ళు శుభ్రపడింది. చుక్కలు మాయమవడంలో మాయేమీ లేదు.

సువార్త ఆ మూట అడిగి తీసుకుని, ఒక ప్లాస్టిక్ కాగితం మీద తట్టి, నా పలక మీద పెట్టి ఫొటో తీసి, సత్యవేణికీ చూపించింది. అవే. ముగ్గుపిండి ఒలికినట్టు సన్నగా, గుంపుగా. డాక్టరు గారు మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, సూది పరీక్ష అక్కర్లేదు, వచ్చే ఏడాది మామూలుగా రమ్మని చెప్పు అన్నారు. ఫోను పెట్టబోతూ, "ఆ వీధిలో ఎంతమందిని వెనక్కి పిలిచాం మనం?" అని అడిగారు. చాలామందినే పిలిచాం. వాళ్ళందరినీ తడిగుడ్డతో తుడిపించి, మళ్ళీ తీసి, దాదాపు అందర్నీ నవ్వుతూ ఇంటికి పంపాం. ఇద్దరిని మాత్రం పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. వాళ్ళ చుక్కలు తుడిస్తే పోయేవి కావు.

సత్యవేణి బస్సు మెట్టు మీద కూలబడి ముందు ఏడ్చింది, తరవాత నవ్వింది, ఆ తరవాత హఠాత్తుగా ఏదో జ్ఞాపకం వచ్చి తోటికోడలి వైపు తిరిగింది.

"ఒసేయ్, నా పువ్వు నాకిచ్చెయ్యవే!"

"ఎలా ఇవ్వనక్కా? చేతుల్లోకి ఎళ్ళిపోయింది కదా" అంది ధనకుమారి, కళ్ళు తుడుచుకుంటూ.

సత్యవేణి మళ్ళీ లేచి నా దగ్గరికి వచ్చింది. నడుం మీద చెయ్యేసి నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి నీ దుంపతెగ! పౌడరుకీ పుండుకీ తేడా తెలీదా నీకు! వారం రోజులు నన్ను చంపావు కదే!" అంది. హమ్మయ్య అనుకున్నాను. అంత కమ్మటి తిట్టు నేను ఎప్పుడూ తినలేదు.

నా ఉద్యోగం విచిత్రమైనది. తప్పయితే సంతోషించే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉంటుందా? నా అనుమానాల్లో ఎక్కువ భాగం ఉత్తవే అయి తేలిపోతాయి. తేలేదాకా ఒక మనిషి పడే బాధ మాత్రం ఉత్తది కాదు. ఆ వారంలో మాడిన పప్పుకీ, పట్టని నిద్రకీ నేను జవాబు చెప్పుకోలేను. అలాగని అనుమానించడం మానెయ్యనూ లేను. తుడిస్తే పోని చుక్కలున్న ఇద్దరిలో ఒకావిడ, చాలా నెలల తరవాత, అప్పుడే మొలుస్తున్న పొట్టి జుట్టుతో వచ్చి నా పలక మీద చెయ్యి వేసి నిమిరి వెళ్ళింది. ఆవిడ కోసమైనా నేను తిట్లు తినాలి.

మరుసటి ఏడాది బస్సు ఆ ఊరు వెళుతుంటే, ఇక మన మొహం ఎవరు చూస్తారులే అని బెంగగా ఉంది నాకు. తీరా చూస్తే బస్సు ముందు పెద్ద వరస. వరస మొదట్లో సత్యవేణి, ఒక చేతిలో నీళ్ళ గిన్నె, భుజం మీద తుండుగుడ్డ. "మూటలు బయటపెట్టండే! ఒళ్ళు తుడుచుకోకుండా లోపలికి అడుగెట్టారంటే ఊరుకునేది లేదు!" అని గదమాయిస్తోంది. మెట్టు పక్కన ఒక స్టీలు పళ్ళెంలో గుడ్డమూటలు పోగుపడ్డాయి. దూరంనుంచి చూసేవాళ్ళు ఉండ్రాళ్ళనుకుంటారు. ఆ రోజు ధనకుమారి కూడా పరీక్ష చేయించుకుంది. ఆమెకీ ఏమీ లేదు, సత్యవేణికీ ఏమీ లేదు.

పని అయ్యాక సత్యవేణి సంచిలోంచి ఒక గుడ్డ తీసి నా నెత్తిమీద కప్పింది. లేసు గుడ్డ. వాళ్ళ ఇళ్ళలో టీవీకీ ఫ్రిజ్జుకీ కప్పుకున్నట్టే నాకూ కప్పింది. అంచంతా ఆ ఎనిమిది రేకుల పువ్వులు, అవి ఇద్దరూ కలిసి అల్లారు. నడిమధ్యలో మాత్రం ఏదో కొత్త పని ఉంది. దారంతోనే చిన్న చిన్న చుక్కలు, చేజారి ఒలికినట్టు, ఒక పద్ధతీ లేనట్టు, చూస్తుంటే ఇంకా చూడాలనిపించేట్టు.

"ఆవేళ నువ్వు చూపించిన ఫొటోలోవే అమ్మాయ్" అంది సువార్తతో. "భయం పోయాక చూస్తే భలే ఉన్నాయి కదా అనిపించింది."

ధనకుమారి ఆ చుక్కల మీద వేలు పెట్టి తడిమింది. ముడి ఎక్కడ పడిందో, దారం ఎటునుంచి వచ్చిందో ఆమెకి అంతుచిక్కలేదు. "ఇదెప్పుడు అల్లావక్కా నాకు కనబడకుండా? ఎలా వేశావో చెప్పవా?"

"గోడవైపు తిరిగి అల్లాను. చచ్చే ముందు చెబుతాలే."

ధనకుమారి వేలు వెనక్కి తీసేసుకుంది. "అయితే నాకొద్దు" అంది.

ఇప్పుడు నాకు వయసైపోయింది. మా బస్సులోకి నాకంటే తెలివైన మిషను వచ్చింది. నన్ను తుక్కుకి పంపకుండా, ఎక్స్‌రే పని నేర్పే కాలేజీలో ఒక గదిలో నిలబెట్టారు. అక్కడ పాఠాలు చెప్పేది సువార్తే. కొత్త పిల్లలకి మొదటి రోజు నా మీది లేసు గుడ్డ తీసి చూపించి, "పేషెంటుని పౌడరు రాసుకున్నారా అని అడిగి ఊరుకోకండి. వాళ్ళు చేసే పనేంటో కూడా అడగండి" అంటుంది. పాఠం అయ్యాక గుడ్డ మళ్ళీ నాకు కప్పి, మడతలు సర్ది వెళుతుంది.

మొన్న ధనకుమారి ఏదో పని మీద ఊళ్ళోకి వచ్చి, సువార్తని చూసిపోదామని కాలేజీకి వచ్చింది. నన్ను పలకరించింది. కొంగుతో నా పలక తుడిచింది. గుడ్డ మధ్యలో చుక్కల్ని చూసి, "మేడంగారూ, ఇవి అక్క ఎలా వేసిందో నాకు ఇప్పటికీ తెలీదండీ" అంది, పెద్ద బహుమతి కొట్టినట్టు నవ్వుతూ.

ఆమెకి ఇంకా తెలియదట. ఆ మాట విన్న రోజునుంచీ నాకు చాలా హాయిగా ఉంది.